యూదులు ఒకే ప్రార్థనను రెండుసార్లు ఎందుకు చేస్తారు?

యూదుల ప్రార్థనా మందిరం పేరు సినగాగ్. తెలుగు బైబిల్‌లో ‘సమాజ మందిరము’ అని ఉండేది ఇదే. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఇది పెద్దగా పరిచయం లేని మాట. తెలుగు నేల మీదే చూడాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం పోవాలి. అక్కడ బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమూహం 1980ల చివరి నుంచి యూదు ధర్మాన్ని బాహాటంగా పాటిస్తోంది.

యూదుల ప్రార్థనలో ముఖ్యమైనది ‘అమీదా’. నిలబడటం అని అర్థం. పాదాలు జోడించి, జెరూసలేం వైపు తిరిగి చదువుతారు. మామూలు రోజుల్లో ఇందులో 19 దుఆలు ఉంటాయి, పాత పేరు మాత్రం ‘పద్దెనిమిది’ అనే ఉండిపోయింది. ముందు అందరూ ఎవరికి వారు పెదవులు కదుపుతూ మెల్లగా చదువుకుంటారు. అది అయ్యాక హజ్జాన్, అంటే ముందు నిలబడి చదివించే వ్యక్తి, అదంతా మళ్లీ మొదటి నుంచి గొంతెత్తి చదువుతాడు. ఒక్కో దుఆ ముగియగానే జమాఅత్ మొత్తం ‘ఆమేన్’ అంటుంది. మన ఆమీన్‌కు తోబుట్టువు లాంటి మాటే. ఈ పునశ్చరణ పొద్దున, మధ్యాహ్నం ప్రార్థనల్లో ఉంటుంది. రాత్రి ప్రార్థన మొదట్లో తప్పనిసరి కాదు కాబట్టి దానికి లేదు.

రెండోసారి ఎందుకు? అచ్చు పుస్తకాలు లేని కాలంలో అందరికీ కంఠస్థం ఉండేది కాదు. చదవడం రానివాడు విని ఆమేన్ అంటే అతని ప్రార్థన కూడా నెరవేరినట్టే. రబ్బాన్ గమ్లియేల్ ఇంకో అడుగు ముందుకేసి, వచ్చినవాళ్ల బాధ్యత కూడా హజ్జాన్‌తోనే తీరుతుందన్నారు. మరి జనం మెల్లగా చదవడం దేనికని తోటి పండితులు అడిగితే, ఆలోపు హజ్జాన్ సిద్ధం కావడానికి అని జవాబిచ్చారు. ఈ వాదన తల్మూద్‌లో ఉంది. ఇమామ్ ఖిరాఅత్ ముక్తదీలకు సరిపోతుందా అనే చర్చ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అలెగ్జాండ్రియాలోని పెద్ద సినగాగ్‌లో గొంతు వెనక వరకు వినబడేది కాదట. ఆమేన్ అనాల్సినప్పుడు గుడ్డ ఊపి సైగ చేసేవారని తల్మూద్ చెబుతుంది. ఈద్గాలో వెనక వరుసల కోసం తక్బీర్ అందించే ముకబ్బిర్ పని లాంటిదే.

అయితే తెలిసినవాళ్లకు రెండోసారి విసుగే. ఈజిప్టులో జనం ఆ సమయంలో కబుర్లు చెప్పుకునేవారు, ఉమ్మేవారు. ముస్లింలు చూసి ఏమనుకుంటారని బాధపడినవాడు మూసా బిన్ మైమూన్ (1138–1204). అరబ్బీలో రాసిన గొప్ప యూదు పండితుడు, వైద్యుడు. మెల్లగా చదవడం ఆపి, హజ్జాన్‌తో పాటు అందరూ ఒకేసారి చదవాలని ఆయన తీర్పిచ్చాడు. తర్వాత 16వ శతాబ్దంలో ఈజిప్టులోనే రబ్బీ దావీద్ ఇబ్న్ అబీ జిమ్రా పాత పద్ధతిని తిరిగి తెచ్చారు.

పునశ్చరణకు సంప్రదాయం ప్రకారం 13 ఏళ్లు దాటిన 10 మంది మగవాళ్లు కావాలి. అదే శతాబ్దంలో యోసెఫ్ కారో రాసిన ‘షుల్హాన్ అరూఖ్’ ఇంకా గట్టిగా చెప్పింది: కనీసం తొమ్మిది మంది మనసు పెట్టి విని ఆమేన్ అనకపోతే హజ్జాన్ చదివిన దుఆలు దాదాపు వృథా పోయినట్టే.