సర్వర్ పడిపోతే స్విచ్ తలుపు ఎవరు తీస్తారు?

ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే వేలిముద్ర తీసుకోదు, పిన్ అడుగుతుంది. గమనించారా? ఆ పిన్ మర్చిపోతే మన ఫోన్ మనకే పరాయిదైపోతుంది. నెట్‌వర్క్ స్విచ్‌లకీ అలాంటి పిన్ ఒకటి ఉంటుంది. ఈ రోజు దాని కథే చెప్తాను.

మొదట్లో ఏ పరికరం పాస్‌వర్డ్ దాని లోపలే ఉండేది. పది పరికరాలైతే పర్లేదు. వెయ్యి ఉంటే? ఒక్క ఉద్యోగి మానేసినా వెయ్యి చోట్ల మార్చాలి. అందుకే పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే చోట పెట్టే ఆలోచన వచ్చింది. అమెరికాలో ఆర్పానెట్ రోజుల్లో బీబీఎన్ కంపెనీ టాకాక్స్ తయారుచేసింది. 1984 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 927లో దాని ప్రస్తావన ఉంది. 1991లో లివింగ్‌స్టన్ కంపెనీ రేడియస్ తెచ్చింది. తర్వాత సిస్కో టాకాక్స్ ప్లస్ తెచ్చింది. ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నాక, 2020లో గానీ అది ఆర్‌ఎఫ్‌సీ 8907గా అచ్చవలేదు.

మరి ఆ సర్వరే పడిపోతే? అందుకే స్విచ్‌లో ఒక లోకల్ యూజర్‌ని కూడా ఉంచుతారు. సిస్కో స్విచ్‌లో అయితే లాగిన్ వరుసలో ముందు టాకాక్స్, చివర్లో లోకల్ అని రాస్తారు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. ఓనర్‌కి ఫోన్ చేశాడు. "వద్దు, పంపకు" అన్నారంటే కథ అక్కడితో అయిపోయింది. అసలు ఫోనే ఎత్తకపోతేనే జేబులో ఉన్న చీటీ తీసి చూస్తాడు. స్విచ్ కూడా అంతే. సర్వర్ కాదంటే లోకల్ పాస్‌వర్డ్ పనికిరాదు. సర్వర్ నుంచి జవాబే రాకపోతేనే దాని వంతు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నాకిది తెలిసొచ్చింది. సర్వర్ పడిపోయింది, ఒక బ్రాంచ్‌లో నెట్ లేదు. స్విచ్ లోకల్ పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టినాయన ఎప్పుడో మానేశారు, ఎక్కడా రాసిపెట్టలేదు. కన్సోల్ కేబుల్ బ్యాగ్‌లో వేసుకుని, బండి మీద అక్కడికెళ్లి, స్విచ్ ఆపి ఆన్ చేసి పాస్‌వర్డ్ రికవరీ చేసేసరికి తెల్లారింది. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. ఆ చీటీ పనిచేస్తుందో లేదో మాలో ఎవరం ఎప్పుడూ చూడలేదు.

పెద్ద కంపెనీలకీ ఈ తిప్పలు తప్పవు. 2021 అక్టోబర్ 4న వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గంటల తరబడి ఆగిపోయాయి, గుర్తుందా? అక్కడ కారణం వేరు. కానీ నెట్‌వర్కే పోయేసరికి దూరం నుంచి లోపలికెళ్లే దారీ పోయింది. చివరికి ఇంజనీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్లాల్సొచ్చింది.

అలాగని లోకల్ పాస్‌వర్డ్‌ని ఎలా పడితే అలా దాచకూడదు. సిస్కోలో టైప్ 7 అనేది ఇట్టే విప్పేయగలిగే ముసుగు మాత్రమే. అన్ని స్విచ్‌లకీ ఒకటే పాస్‌వర్డ్ పెడితే, ఒకటి పోతే అన్నీ పోయినట్టే.

వీడియో అయ్యాక ఒక్క పని చెయ్యండి. మీ మెయిల్ అకౌంట్‌కి బ్యాకప్ కోడ్‌లు ఉన్నాయా, ఉంటే ఎక్కడ పెట్టారో చూసుకోండి. అవసరం పడిన రాత్రి వెతుక్కుంటే దొరకవు. అది నా అనుభవం. ఉంటాను మరి.