మురికి గుడ్డకు రంగు పట్టదు

ఇంకాస్త దగ్గరికి జరుగు నాయనా. ఆ మొద్దు లోపలికి తొయ్యి, తెల్లారేదాకా నిప్పు ఉంటుంది. మీ అమ్మా నాన్నా పడుకున్నారు. ఈ మాటలు తండ్రీకొడుకుల మధ్య సాగవు గానీ తాతా మనవళ్ల మధ్య సాగుతాయి. పొద్దున నీ సంచి పక్కకి జరుపుతుంటే ఒక డబ్బా జారి పడింది. మూత మీద గుర్రం బొమ్మ ఉంది. నీకు పెళ్లై ఏడాది తిరగలేదు. తప్పు పట్టడానికి నిన్ను పిలవలేదురా. ఆ గుర్రం సంగతి మా నాన్న దగ్గర విన్నవాణ్ణి, నీకూ చెప్పాలనిపించింది.

మా నాన్న ఊరికి వైద్యుడు. ఈ వసారా మూల నల్లరాతి కల్వం ఉండేది. ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు, వాటిలో వాజీకరణం ఒకటి అనేవాడు. వాజి అంటే గుర్రం, మగవాడికి గుర్రమంత సత్తువ తెచ్చే వైద్యమన్నమాట. పెన్నేరుగడ్డను సంస్కృతంలో అశ్వగంధ అంటారు, పచ్చివేరు వాసన చూస్తే ఆ పేరెందుకొచ్చిందో తెలుస్తుంది. చలికాలంలో ఆ వేళ్లు తవ్వి తెచ్చి, కడిగి, ఆవుపాలలో ఉడికించి, నీడన ఎండబెట్టి దంచేవాడు. ఆ పొడిని గుడ్డలో జల్లించే వస్త్రగాళితం పని నాది. రాత్రిపూట గోరువెచ్చటి పాలలో చిటికెడు వేసుకోమని ఇచ్చేవాడు.

దూలగొండి సంగతి మాత్రం నా ఒళ్లే చెబుతుంది. నాకప్పుడు పదేళ్లు. కంచె మీది కాయలు కోసుకురా, చేతులకి గోనెపట్టా చుట్టుకో అన్నాడు నాన్న. నేను వినలేదు. కాయ మీది నూగు అంటుకుని సాయంత్రం దాకా గోక్కుంటూ ఏడ్చాను. మా అమ్మ పేడనీళ్లతో రుద్దింది. ఆ గింజల్ని నాన్న పాలలో ఉడికించి, పొట్టు ఒలిచి, ఎండాక పొడి కొట్టేవాడు. నేను పంతులుగా చేరాక చదివి తెలుసుకున్నాను, 1937లో దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రజ్ఞులు ఆ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారట. ఇవాళ వణుకు రోగానికి డాక్టర్లు ఇచ్చేది దాన్నే. అంత పనిచేసే గింజ అది. అందుకే నాన్న తూకం లేకుండా ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

పల్లేరుకాయలు, నేలతాడి దుంపలు కూడా మగవాళ్ల మందుల్లోకే వెళ్లేవి. పిల్లిపీచర గడ్డలు ఆడవాళ్లకి, ముఖ్యంగా పాలిచ్చే తల్లులకి. ఇక మీ ముత్తవ్వ వంటింట్లోనూ ఇదే వైద్యం జరిగేది. మినుములు దోరగా వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం, కాచిన నెయ్యి పోసి సున్నుండలు చుట్టేది. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తే ముందు పళ్లెంలో పడేవి అవే. మినుము వృష్యమని, అంటే మగసిరి పెంచేదని చరకుడే చెప్పాడు. చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది కాబట్టి అంత బలమైన తిండీ అరుగుతుంది. భోజనమయ్యాక తాంబూలంలో లవంగం, ఏలక్కాయ, జాపత్రి, గోటితో గిల్లినంత జాజికాయ. జాజికాయ మోతాదు బాగా మించితే వాంతులవుతాయి, మతి తప్పుతుంది. ఆ లెక్క మీ ముత్తవ్వకి బాగా తెలుసు.

ఒక ముచ్చట చెబుతా విను. ఒక రైతు చీకటి పడ్డాక వచ్చి, తల వంచుకుని మందడిగాడు. నాన్న నాడి చూసి, నిద్ర పడుతుందా, ఆకలేస్తుందా, కల్లు ఎంత తాగుతావు, అప్పులేమైనా ఉన్నాయా అని వరసగా అడిగాడు. చివరికి, ఇంట్లో మాటలున్నాయా అన్నాడు. మూడు నెలలుగా లేవన్నాడు ఆయన. "మురికి గుడ్డకు రంగు పట్టదు. కడుపు శుభ్రం చేసుకో, ఒక మండలం కల్లు మానెయ్యి, మినుములూ పాలూ తిను. ఇల్లాలితో మాట కలిపాక రా, అప్పుడిస్తాను మందు" అని పంపేశాడు. ఆయన మళ్లీ మందుకి రాలేదు. మరుసటేడు కొత్త మినుములు ఒక కుంచం తెచ్చి వసారాలో పోసి వెళ్లాడు. నాన్న ఆ రోజు చరకసంహిత తీసి, చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం నాకు చూపించాడు. అన్ని వాజీకరణాల్లోకీ గొప్పది మనసుకు సంతోషమిచ్చే స్త్రీయేనని ఉంది అందులో.

ఇప్పుడు నీ డబ్బా సంగతి. మగసిరి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే తప్పని 1954లోనే మన దేశంలో చట్టం వచ్చింది. మూలికల పొడి అని అమ్మే సరుకులో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందు రహస్యంగా కలిపి ఉండటం ఎన్నో దేశాల్లో పట్టుబడింది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వేసుకునేవాడు తెలియక అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అసలైన పెన్నేరుగడ్డ కూడా అందరికీ పడదు. థైరాయిడ్ ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. మన కోస్తా జిల్లాల్లో కొందరు మగసిరి పెరుగుతుందన్న పిచ్చితోనే గాడిద మాంసం తింటున్నారు. కామశాస్త్రం రాసిన వాత్స్యాయనుడేమో ఆ రోజుల్లోనే, ఒంటికి హాని చేసేవీ, జీవహింసతో దొరికేవీ, అనుమానమున్నవీ వాడొద్దని రాశాడు.

మా నాన్న కాలంలో లేని సాయం నీకుంది నాయనా. మగసిరి తగ్గే ఇబ్బంది కొన్నిసార్లు షుగరుకీ గుండెజబ్బుకీ తొలి గుర్తు. దాన్ని పొడితో కప్పిపెడితే లోపలి జబ్బు ముదురుతుంది. ఎల్లుండి ఊరెళ్లగానే డాక్టరు దగ్గర కూర్చుని, సిగ్గుపడకుండా చెప్పి, షుగరూ బీపీ చూపించుకో. రాత్రి పదికి ఫోను పక్కన పెట్టి పడుకో. అమ్మాయి మీద అలిగావో, ఆమే నీ మీద అలిగిందో నేనడగను. ముందు మాట కలుపుకోండి. ఆ డబ్బా ఇటియ్యి, నా దగ్గరే ఉంచుతా. అటక మీద డబ్బాలో సున్నుండలున్నాయి, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు. ఇద్దరూ తినండి.