మందునకు లొంగని కణము

తెలుగువారు నలుగురు చేరినచోట యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రసక్తి రాకపోదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలు నడపి, 1948లో న్యూయార్కులో కన్నుమూసిన ఆ మహనీయుని చరిత్ర సుపరిచితమే. అయినను ఆయన నాయకత్వమున జరిగిన కృషినుండి వెలువడిన ఔషధ మొకటి, ఆయన గతించిన ముప్పది యేండ్లకు కాన్సరు కణముల గుట్టును బయటపెట్టిన వృత్తాంతము మనవారిలో అంతగా ప్రచారము పొందలేదు.

కణము తన డి.ఎన్.ఏ.ను నిర్మించుకొనుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. రూపమున దానిని పోలి, పనిలో దానికి విరోధియైన అమినోప్టెరిన్ అను ద్రవ్యమును లెడర్లీవారు తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా సోకిన పసిబిడ్డల కిచ్చి, 16 మందిలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము నిలువలేదు, వ్యాధి తిరుగబెట్టెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువువంటి మెథోట్రెక్సేట్ పిమ్మట వాడుకలోనికి వచ్చినది గాని, దానికిని ఈ చిక్కు తప్పలేదు. మొదట లొంగిన కణములే తరువాత ఏల మొండికెత్తినవి?

మెథోట్రెక్సేట్ కణములోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ అను ఎంజైమును బంధించి పనిచేయును. మొండికెత్తిన కణములలో ఈ ఎంజైము మితిమీరి యున్నదని 1960 దశకముననే తెలిసినది. ఒకే జన్యువు మునుపటికంటె వేగముగా పనిచేయుచున్నదా, లేక జన్యువే పెక్కు ప్రతులుగా పెరిగినదా అనునది మాత్రము తేలలేదు. 1976లో బీడ్లర్, స్పెంగ్లర్ అను పరిశోధకురాండ్రు, మందునకు లొంగని చీనా హామ్‌స్టర్ కణములలో ఒక క్రోమోసోముపై చారలు లేని పొడుగాటి భాగమును గమనించిరి. 1978లో స్టాన్‌ఫర్డునందు రాబర్ట్ షిమ్కీ బృందము, మోతాదును మెట్టుమెట్టుగా పెంచుచు మందునకు అలవాటుపడిన ఎలుక కణములలో జన్యుప్రతులను కొలిచి చూచెను. ఎంజైము సుమారు 200 రెట్లు పెరిగినచోట జన్యుప్రతులును రమారమి అన్ని రెట్లే పెరిగియుండెను. మందు ఒక తలుపునకు తాళము వేయగా కణము ఇన్నూరు తలుపులు తెరచుకొన్నదన్నమాట! మందు మానిపించినచో కొన్ని కణములు ఆ యదనపు ప్రతులను క్రమముగా పోగొట్టుకొనుటయు తరువాత కనిపించినది.

ఇది గాజుపాత్రలలోని వింతగా మిగిలిపోలేదు. 1987లో స్లామన్ బృందము 189 రొమ్ము కాన్సరు గడ్డలను పరీక్షించి, సుమారు నూటికి 30 గడ్డలలో హెర్-2 జన్యుప్రతులు హెచ్చియున్నట్లును, అట్టి రోగులకు వ్యాధి త్వరగా తిరుగబెట్టుచున్నట్లును చూపెను. ఆ ప్రోటీనునే గురిపెట్టిన ట్రాస్టుజుమాబ్ అను మందునకు 1998లో అమెరికాలో అనుమతి లభించెను.

అయితే ప్రతులు పెరిగినంత మాత్రమున ప్రతి జన్యువును గొంతెత్తునా? 2002లో పొలాక్ బృందము రొమ్ము గడ్డలలో వేలకొలది జన్యువుల ప్రతులను, వాటి ఆర్.ఎన్.ఏ. పరిమాణమును ఒకేసారి పోల్చెను. మిక్కిలిగా ప్రతులు హెచ్చిన జన్యువులలో నూటికి 62 మాత్రమే వ్యక్తీకరణమునందును హెచ్చినవి. ప్రతులు రెండింతలైనచో ఆర్.ఎన్.ఏ. సగటున ఒకటిన్నర యింతలు మాత్రమే అయ్యెను. క్రోమోసోములో ఒక తునక పెరిగినపుడు ఇరుగుపొరుగు జన్యువులును దానితోపాటు పెరుగును. ఆ ధాతువున నిద్రించు జన్యువు పది ప్రతులైనను నిద్రించుచునే యుండవచ్చును. షిమ్కీ లెక్కలు అంత చక్కగా సరిపోవుటకు కారణము వేరు. అక్కడ ఆ యొక్క జన్యువు ఫలితము కలిగిన కణమునే మందు బ్రతుకనిచ్చినది. గడ్డలోని పొరుగు జన్యువుల నెవ్వరును అట్లు ఏరలేదు.

ఈ వివేకము నేటి ఆసుపత్రులలో ఆచరణమునందున్నది. రొమ్ము గడ్డలో హెర్-2 ప్రోటీనునకు రంగువేసి చూచుదురు. ఫలితము సందిగ్ధమైనచో జన్యుప్రతులను లెక్కించి, ట్రాస్టుజుమాబ్ ఈయవలయునా వలదా యని నిర్ణయింతురు. మెథోట్రెక్సేట్ నేటికిని బాలల ల్యుకేమియా చికిత్సలో, ఇతరౌషధములతో కలిపి, వాడుకలో నున్నది.