రెండో ప్రతి

అమ్మమ్మ పోయిన ఏడాదికి మా ఇంటి కంప్యూటర్ పోయింది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పినందుకు మా తమ్ముడు నవ్వాడు. "మనిషీ మెషీనూ ఒకటేనా అక్కా?" అన్నాడు. ఒకటి కాదు నిజమే. కానీ అమ్మమ్మ పెళ్ళిపాటల నోటుపుస్తకాన్ని నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో పేజీ పేజీ ఫోటో తీసి ఆ కంప్యూటర్‌లోనే పెట్టాను. ఇల్లు మారేటప్పుడు అసలు పుస్తకం పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్ళిపోయింది. కంప్యూటర్‌లో ఉందిగా అని అందరం సరిపెట్టుకున్నాం. ఒకరోజు స్విచ్ వేస్తే హార్డ్ డిస్క్‌లోంచి టిక్కుటిక్కుమని చప్పుడు. రిపేరు షాపతను రెండు రోజులుంచుకుని "డేటా రాదు మేడమ్, కొత్త డిస్క్ వేయించుకోండి" అన్నాడు.

అప్పగింతల పాటలు, నలుగు పాటలు, పాట పక్కన మార్జిన్లో పాలవాడి లెక్క. అన్నీ పోయాయి. స్త్రీల రచనలు ఎలా కనుమరుగయ్యాయో సిద్ధాంత గ్రంథం రాసిన నేనే, మా ఇంట్లో ఒక స్త్రీ చేతిరాతను కనుమరుగు చేశాను.

ఇది కొత్త కథేమీ కాదు. తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ఉన్న ముద్దుపళని 18వ శతాబ్దంలో 'రాధికా సాంత్వనము' రాసింది. ఆ తర్వాత అది అచ్చయినప్పుడు ఆమె తన వంశం గురించి చెప్పుకున్న పీఠికనూ, కొన్ని పద్యాలనూ వదిలేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఒక రాతప్రతి సంపాదించి, అచ్చుపుస్తకంతో పోల్చి చూసి, వదిలేసిన వాటితో సహా 1910లో పూర్తి ప్రతిని వెలువరించింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో నిషేధం తొలగింది. 1952లో మళ్ళీ అచ్చయింది. నాగరత్నమ్మకి రెండో ప్రతి దొరక్కపోతే ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న మాటలు మనదాకా వచ్చేవా? అచ్చులో ఉన్నదే పూర్తి అనుకునేవాళ్ళం.

ఇంకో కథ అమెరికాది. 1998లో పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందనుకున్నారు. తీరా చూస్తే అది సరిగా పనిచేయడం లేదు. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సుస్మన్ అప్పుడు పసిబిడ్డ తల్లి. ఇంటి నుంచి పనిచేసుకోవడానికి ఇంట్లో పెట్టుకున్న కంప్యూటర్‌లో సినిమా ప్రతి ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో తీసుకొచ్చారు. తర్వాత కథను మార్చి చాలావరకు మళ్ళీ తీశారన్నది వేరే సంగతి. ఆఫీసు లెక్కల్లో అసౌకర్యంగా కనిపించే బాలింత ఇల్లు ఆరోజు అందరి పనినీ కాపాడింది. 2023లో అదే సంస్థ సిబ్బందిని తగ్గించినప్పుడు ఆమె ఉద్యోగమూ పోయింది.

డిస్క్ పోయాకే నేను ఈ విద్య నేర్చుకున్నాను. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి ఇంటి బయట. సీడీలు శాశ్వతమనుకోకూడదు. ఇంట్లో రాసుకునే సీడీలో సమాచారం నిలిచేది ఒక రంగుపొరలో, అది కాలంతో పాడవుతుంది. ఫోన్లో ఫోటోలు వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్తున్నాయని నిశ్చింతగా ఉంటాం. చాలాసార్లు అది అద్దం లాంటిది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉంచితే, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ దానికీ తాళం వేస్తుంది. 2017 మేలో వానాక్రై అనేక దేశాల్లో చేసిందదే. అన్నిటికన్నా ముఖ్యం, ఆర్నెల్లకోసారైనా ప్రతిని తెరిచి చూడాలి. తెరవని బ్యాకప్ నమ్మకం మాత్రమే.

కానీ ఈ లెక్కలో ఆడవాళ్ళ ప్రశ్నలు లేవు. ఇంటి బయట ఒక ప్రతి సరే, మన ఇల్లు ఏది? ఫోటోలున్న అకౌంట్ ఎవరి పేరుమీద ఉంది? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? విడిపోయి వచ్చేసిన ఒక స్నేహితురాలికి తన కూతురి పసితనపు ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ అతని కంప్యూటర్‌లో ఉండిపోయాయి. ఇంకొకామె ల్యాప్‌టాప్ రిపేరుకిచ్చే ముందు తన ఫోటోలన్నీ తనే చెరిపేసింది. ఎవరు చూస్తారో, ఎక్కడ పెడతారో అన్న భయం. మన జ్ఞాపకాల్ని హార్డ్ డిస్కులు ఎంత మింగాయో ఈ భయమూ అంతే మింగింది. చెరపడానికి బదులు డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసుకోవచ్చు. తాళంచెవి పోతే లోపలున్నదీ పోయినట్టే. అందుకని దాన్ని కాగితం మీద రాసి నమ్మకమైన ఇంకో స్త్రీ దగ్గర ఉంచాలి. నాది మా పిన్ని దగ్గరుంది.

అమ్మమ్మ పుస్తకంలో పదకొండు పేజీలు దొరికాయి. ఒక అధ్యాయంతోపాటు మా గైడ్ మేడమ్‌కి ఎప్పుడో మెయిల్ చేశాను, ఆవిడ చెరపలేదు. మిగతావి ఇప్పుడు అమ్మ పాడుతూ కొత్త నోటుపుస్తకంలో రాస్తోంది. నేను ఫోటో తీసి మూడుచోట్ల పెడుతున్నాను. నిన్న నాలుగో పాట దగ్గర ఆగిపోయింది. మూడో చరణం గుర్తు రావడం లేదంది. అక్కడ నాలుగు గీతల ఖాళీ వదిలి, తర్వాతి పాటకి వెళ్ళాం.