తీర్పు నుండి సమాధానమునకు

మేము వేదాంత కళాశాలలో చదువుకొన్న దినములలో, సాయంకాల ఆరాధనలో ఒక సహవిద్యార్థి కన్నులు మూసికొని బిగ్గరగా ప్రార్థించుచుండెడివాడు. మేము ప్రార్థన పుస్తకము చేతపట్టుకొని అతని మాటలలోని తప్పులను లెక్కించుచుంటిమి. తరువాత మేము జ్వరముతో పడియున్నప్పుడు మా మంచము ప్రక్క మోకరించినవాడు అతడే. మా హృదయములోని ఆ రోగము మాతో పుట్టినది కాదనియు, సంఘమంత పాతదనియు చరిత్ర చదివిన తరువాత గ్రహించితిమి.

తెలుగు దేశమునకు సువార్త ఒకే మిషను ద్వారా రాలేదు. బందరుకు 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు వచ్చిరి. కడప ప్రాంతమున లండన్ మిషనువారు, మెదక్ ప్రాంతమున వెస్లియన్ మెథడిస్టులు పనిచేసిరి. ఒకరికి బిషప్పు, ప్రార్థన పుస్తకము ముఖ్యము. మరియొకరికి సంఘస్థుల స్వేచ్ఛ, ప్రసంగము ముఖ్యము. ఒకే క్రీస్తును ఆరాధించుచు, ఒకే బల్ల యొద్ద కూర్చుండలేని స్థితి ఏర్పడెను.

1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వి. యస్. అజరయ్యగారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. 1919 మే నెలలో ట్రాంకెబారులో ఐక్యతను గూర్చి సమావేశమైన సేవకులలో వారు ముఖ్యులు. కాని చర్చలు ముగియుటకు 28 సంవత్సరములు పట్టెను. బిషప్పు హస్తనిక్షేపణము పొందని పాస్టరు ఇచ్చు సంస్కారమును ఆంగ్లికనులు పుచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్నయే పెద్ద అడ్డు. అజరయ్యగారు ఐక్యతను కన్నులార చూడకయే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఆరంభమైనది. అప్పటికే సేవలోనున్న పాస్టర్లలో ఎవరిని మరల అభిషేకింపలేదు; ఉన్నవారిని ఉన్నట్లే చేర్చుకొనిరి. ఇకమీదట అభిషేకములు బిషప్పుల ద్వారా జరుగవలెనని నిర్ణయించిరి. ఏ సంఘము మీదను దాని మనస్సాక్షికి విరోధమైన ఆరాధనను గాని సేవకుని గాని తెలిసి రుద్దబోమని నిబంధనలో వ్రాసికొనిరి. అందరి అభిప్రాయములు ఒకటైన తరువాత కాదు, తీర్పును ప్రక్కకు పెట్టిన తరువాతనే ఐక్యత వచ్చినది.

నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో అనేకులు అప్పుడు చేరలేదు. వారిని మొండివారని అనుట సులభము. కాని తాము పొందిన విశ్వాస క్రమము చెడునేమో అను భయము వారిది. వారి మనస్సాక్షిని కించపరచినయెడల మనము వ్రాసికొన్న మాటనే మనము మీరినవారమగుదుము. 1975లో నంద్యాల అధ్యక్ష ఖండము మన సంఘములో చేరినది. కాచుకొనియుండుట కూడ ప్రేమయే.

భోజనమును గూర్చియు దినములను గూర్చియు ఒకరినొకరు విమర్శించుకొనుచున్న రోమా విశ్వాసులకు పౌలు వ్రాసిన బోధ ఇదియే గదా! పరుని దాసునికి లెక్క అడుగుటకు మనమెవరము?

1950లో మన సంఘము సిద్ధపరచిన సంస్కార క్రమములో, కేరళ సిరియను సంఘముల వాడుకననుసరించి, సమాధానమును చేతి నుండి చేతికి అందించు ఆచారము చేరినది. ప్రక్కవాని అరచేతిని మన అరచేతులతో పట్టుకొనుటకు ముందు మన చేతిలోని రాయిని విడువవలెను. నేడును మన ప్రక్కన ఒకడు చప్పట్లు కొట్టును, ఒకడు మౌనముగా మోకరించును. ప్రియులారా, రాబోవు ఆదివారము ఆ చేతిని పట్టుకొనునప్పుడు మన హృదయము కూడ ఆ చేతితో వెళ్లునా?