గర్భిణి కార్డులో లేని గడి: నెల్లూరు తీరంలో నర్సులు, వాతావరణ మార్పు, విధానం

మన నర్సింగ్ చరిత్రను పైనుంచి చూసి రాయడం పరిశోధకులకు అలవాటైపోయింది. మడెలీన్ హీలీ ‘ఇండియన్ సిస్టర్స్’ (2013) అందుకు పెద్ద ఉదాహరణ. రాజ్యం చిన్నచూపు చూసింది, వృత్తి నాయకత్వం నిలదొక్కుకోలేదు, అందుకే నర్సు బలహీనపడిందన్నది ఆమె వాదన. కాదనను. అయితే సంఘాలు, కమిటీల చుట్టూ తిరిగే ఆ చట్రంలో ఊళ్లో పుట్టే విధానజ్ఞానం ఇమడదు.

ఇందుకూరుపేట మండలం మైపాడు వైపు మత్స్యకారుల పట్టపుపాలేలలో ఏఎన్‌ఎంల (సహాయక నర్సు-మంత్రసానుల) వెంట తిరిగినప్పుడు కలిగిన అనుమానం ఇది. గర్భిణి చేతికి బీపీ పట్టీ చుడుతూ ఒకామె అడిగిన మొదటి ప్రశ్న: “నీళ్లు యాడివమ్మా, బోరువా, టిన్నువా?” జవాబును తల్లీబిడ్డల రక్షణ కార్డు అంచున పెన్సిలుతో రాసుకుంది. బరువుకు, బీపీకి, హిమోగ్లోబిన్‌కు గడులున్న ఆ కార్డులో తాగే నీటికి గడి లేదు మరి. బోరునీళ్లు తాగుతూ బీపీ పెరుగుతున్నవాళ్లను ముందుగానే పీహెచ్‌సీకి పంపుతుందట.

ఆమె లెక్క ఉత్త ఊహ కాదు. బంగ్లాదేశ్‌లోని దాకోప్‌లో అనీర్ ఖాన్ బృందం చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం తాగునీటి ఉప్పదనానికీ గర్భిణుల రక్తపోటుకూ సంబంధం చూపింది. రొయ్యల చెరువులతో తీరగ్రామాల తాగునీరు ఉప్పబారుతోందన్న గోడు 1996 డిసెంబరు 11 నాటి ఎస్. జగన్నాథ్ కేసు తీర్పులోనే సుప్రీంకోర్టు ప్రస్తావించింది. ఉప్పుకు కారణం చెరువులే గాని వాతావరణ మార్పు కాదనేవారున్నారు. తాగే మనిషికి ఆ తేడా లేదు.

తుఫాను వేళ సంగతీ అంతే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు నెలలు నిండినవాళ్లను ఆసుపత్రికి చేర్చేది ఏఎన్‌ఎం దగ్గరున్న కాన్పు తేదీల జాబితాను బట్టే. పునరావాస కేంద్రం ఎక్కడో రెవెన్యూవారికి తెలుసు. ఎవరికి ఎన్నో నెలో, బకింగ్‌హాం కాలువ పొంగితే ఏ ఇంటికి ఆటో రాదో ఆమెకే తెలుసు. (విపత్తు నివేదికల్లో ఇదంతా ఒక వాక్యం.)

1973లో కర్తార్ సింగ్ కమిటీ ఏఎన్‌ఎంను బహుళ ప్రయోజన కార్యకర్తను చేయాలని సిఫారసు చేసింది. పనులు పెరిగాయి, మాట చెల్లలేదు. 2019లో వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమం మొదలైంది. బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో పర్యావరణ ఆరోగ్యమూ ఉంది. కాబట్టి కొరత పాఠంలో లేదు, అధికారంలో ఉంది. ఆ అధికారం లేకున్నా తీరప్రాంత ఆరోగ్య విధానాన్ని ఇప్పటికే నర్సులు నడుపుతున్నారన్నదే నా నిర్ధారణ.

సిలబస్‌కు మరో యూనిట్ జోడించే ముందు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ రెండు పనులు చేయాలి: కార్డులో నీటికి ఒక గడి, వాతావరణ ఆరోగ్య ప్రణాళిక రాసే బల్ల దగ్గర ఏఎన్‌ఎంకు ఒక కుర్చీ.