దామనపల్లి కనుమ దాటినవాళ్లు

1922 సెప్టెంబరు 24. దామనపల్లి కనుమ. చెట్ల మాటున అల్లూరి సీతారామరాజు మనుషులు తుపాకులు పట్టుకుని కాచుకు కూర్చున్నారు. ఆ తుపాకులూ పోలీసులవే. నెల కిందట వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి ఎత్తుకొచ్చినవి. ముందుగా దేశీయ పోలీసుల జట్టు వచ్చింది. గురికి అందేంత దగ్గరగా నడిచి, దాటి వెళ్లిపోయింది. ఒక్క తూటా పేలలేదు. వెనక స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులు వచ్చాకే పేలింది. ఇద్దరూ అక్కడే ఒరిగిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ముందు నడిచిన కానిస్టేబుళ్లకు సమాధుల్లేవు, చరిత్రలో పేర్లూ లేవు. బతికిపోయారు కదా! నా ధ్యాస మాత్రం ఎప్పుడూ వాళ్ల మీదే. వెనక తుపాకులు మోగిన క్షణాన, తమను ఎవరు వదిలేశారో, ఎందుకు వదిలేశారో వాళ్లకు అర్థమయ్యే ఉంటుంది.

రాజు పెట్టిన కట్టడి అది: మనవాళ్ల మీద తుపాకి ఎత్తొద్దు. ఆ మూడు ఠాణాల్లో ఆయుధాలు పోయాయి తప్ప ప్రాణాలు పోలేదు. ఫలానా రోజు వస్తున్నామని ముందే కబురంపేవాడని చెప్పుకుంటారు. మన్యంలో దాన్ని ‘మిరపకాయ టపా’ అన్నారు. ఇందులో యుక్తి లేదనను. నాలుగు రూపాయల జీతం కోసం ఖాకీ తొడుక్కున్న పల్లపు రైతు బిడ్డ రేపు తనవైపు తిరగొచ్చన్న ఆశ ఉండే ఉంటుంది. పైగా ఆ కనికరానికి రంగు పట్టింపు ఉంది. తెల్లవాడికి అందులో వాటా లేదు. అయినా ఆ కట్టడి వల్ల దక్కిన ప్రాణాలు దక్కాయి.

అసలు కోపం ఎక్కడ మొదలైందంటే, అడవి చట్టాలు పోడును నేరం చేసిన దగ్గర. దానికి తోడు రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన బాటకు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను తోలుకొచ్చి, కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించాడు. రోడ్డు అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

అవతలి పక్షం ఏం చేసిందో మనకు తెలుసు. మలబారు పోలీసులు వచ్చారు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1924 మే 7న పట్టుబడిన రాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ శిబిరంలో చెట్టుకు కట్టి కాల్చేశారు. పారిపోబోయాడని సర్కారు రాసుకుంది. ఆ మాటకు ఎంత ఆయుష్షో! నూరేళ్లయినా ఈ అడవుల్లో దానికి పని తప్పలేదు. రాజు అనుచరుల్లో ప్రాణాలతో పట్టుబడిన గాం మల్లుదొర అండమాన్ చూసొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు వెళ్లాడు. పట్టుకున్నవాణ్ని చంపకుండా ఉంచితే ఏమవుతాడన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఇప్పుడు భద్రాచలం నుంచి బస్సెక్కి చింతూరు వైపు వెళితే, 2022లో రాజు పేరు పెట్టిన జిల్లాలో కలిపిన మన్యంలోకే అడుగు పెడతాం. 1959లో భద్రాచలంతో పాటు ఖమ్మం జిల్లాలో కలిసిన ప్రాంతమిది. 2014లో ఆంధ్రకు వెళ్లింది. శబరి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. ఇటు చర్ల అడవి దాటితే ఆ రాష్ట్రంలోదే బీజాపూర్. మ్యాపులో రంగులు మారతాయి కానీ ఇప్పచెట్లకు, కోయ మాటకు ఎల్లలేం తెలుసు?

రాజు తిరిగిన రంప కొండల్లోనే, గుర్తేడు దగ్గర, 1987 డిసెంబరులో పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళం ఎస్.ఆర్. శంకరన్‌నూ మరికొందరు ఐఏఎస్ అధికారులనూ పట్టుకుంది. జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకుని వీళ్లను వదిలేసింది. బయటికొచ్చిన శంకరన్ పగ పెంచుకోలేదు. పదేళ్లకు, 1997లో, పౌర స్పందన వేదికకు కన్వీనరయ్యారు. కన్నబిరాన్, హరగోపాల్, పొత్తూరి వెంకటేశ్వరరావు ఆయన వెంట నడిచారు. పట్టుకున్నవాణ్ని కోర్టుకు తీసుకెళ్లండని పోలీసులకు, ఇన్‌ఫార్మర్ల పేరుతో చంపొద్దని నక్సలైట్లకు, ఇద్దరికీ ఒకే గొంతుతో చెప్పారు. ఇరువైపులా మాట పడ్డారు. 1949 జెనీవా ఒప్పందాల 3వ అధికరణలో ఉన్నదీ దాదాపు ఇదే: ఆయుధం దించినవాడి మీద, గాయపడినవాడి మీద చెయ్యి వేయొద్దు. 2004 అక్టోబరులో హైదరాబాదులో సర్కారుకూ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగాయి. కొన్ని నెలలకే చెదిరిపోయాయి.

ఈ దయ అందరికీ సమంగా అందదు కూడా. 2012లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు ఎత్తుకెళ్లినప్పుడు హరగోపాల్, బి.డి. శర్మ మధ్యవర్తులుగా అడవిలోకి వెళ్లి విడిపించుకొచ్చారు. కలెక్టర్ ఇంటికి చేరాడు. ఆయన అంగరక్షకులిద్దరినీ మాత్రం ఎత్తుకెళ్లే వేళే చంపేశారు. వాళ్ల కోసం బేరమాడే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

అందుకే 2021 ఏప్రిల్ సంగతి కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ నెల 3న బీజాపూర్, సుక్మా హద్దుల్లో జరిగిన కాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. కోబ్రా దళం జవాను ఒకడు మావోయిస్టులకు చిక్కాడు. కలెక్టర్ కాదు, మామూలు జవాను. నాలుగు రోజులకు ఆకుల పాకలో కూర్చున్న అతని ఫొటో బయటికొచ్చింది. 8వ తేదీన, తొంభై దాటిన గాంధేయవాది ధరంపాల్ సైనీ, గోండ్వానా సమాజ్ పెద్ద తేలం బోరయ్య, కొందరు స్థానిక విలేకరులు అడవిలోకి వెళ్లారు. ఊళ్లకు ఊళ్లు గుమిగూడి చూస్తుండగా అతని తాళ్లు విప్పారు. తర్రెం క్యాంపు దాకా విలేకరులే వెంటబెట్టుకుని తీసుకొచ్చారు.

ఆ విలేకరుల్లో ఒకడు బీజాపూర్ యువకుడు ముకేశ్ చంద్రాకర్. తుపాకుల మధ్యకు వెళ్లి క్షేమంగా తిరిగొచ్చినవాడు. 2025 జనవరి 3న అతని శవం ఒక రోడ్డు గుత్తేదారు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అంతకుముందు అతను వార్త చేసింది, అడవిలో వేసిన ఒక రోడ్డు పనిలోని అవినీతి మీద.